పంపరపనస బెరడు కేసు

చెట్లకి బెరడు ఉంటుందన్న సంగతి మా మునిసిపాలిటీకి నిరుడు జ్యేష్ఠంలో తెలిసింది. అంతకు ముందు మా లెక్కలో చెట్లు రెండే రకాలు: నాటినట్టు రాసినవి, కరెంటు తీగలకి అడ్డమొచ్చాయని కొట్టేసినవి. మా కమిషనర్ పరంజ్యోతి గారు ఎక్కడో కొండ ప్రాంతంలో మూడు రోజుల శిక్షణకి వెళ్లి, మెడలో కొత్త కండువాతో, చేతిలో ఒక పుస్తకంతో తిరిగొచ్చారు. వచ్చిన పూటే స్టాఫ్ మీటింగు పెట్టారు.

"మిత్రులారా, బెరడు అంటే చెట్టుకి చర్మం. ఈ పట్టణంలో ఎన్ని చెట్ల చర్మాలు ఏయే జంతువుల వల్ల ఏ మేరకు దెబ్బతింటున్నాయో మన దగ్గర డేటా ఉందా?"

లేదు. ఫలానా డేటా లేదని తెలిశాక మా ఆఫీసులో ఎవరికీ ముద్ద దిగదు. అప్పటిదాకా ఆ డేటా లేకుండా ఎలా బతికామా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వారం తిరక్కుండా 'పెరటి చెట్ల బెరడు సంరక్షణ నియమావళి' పుట్టింది.

దాన్ని పుస్తకంలోని ఇంగ్లీషు నుంచి తెలుగులో పెట్టింది నేను. నా పేరు సూర్యచంద్రరావు, సీనియర్ అసిస్టెంటుని, పదిహేడేళ్ల సర్వీసు. నా తెలుగుకి ఆఫీసులో మంచి పేరుంది. నేను రాసిన నోటీసు అందుకున్నవాడు మూడుసార్లు చదివి, అర్థం కాక, భయపడి, తనంతట తనే వచ్చి సంతకం పెట్టి వెళతాడు.

నియమాలు పదహారు. వాటిలో ప్రాణం లాంటిది నాలుగోది: "బెరడునకు గాయము చేసిన జంతువు ఏదియో సంపూర్ణముగా గుర్తింపబడువరకు సదరు గాయమునకు ఎట్టి చికిత్సయు చేయరాదు." అసలు పుస్తకంలో ఉన్నది చిన్న సలహా. ముందు ఏ జంతువు కొరికిందో చూసుకోండి, దాన్నిబట్టి జాగ్రత్త పడండి అని. సంపూర్ణముగా, వరకు, ఎట్టి, చేయరాదు, ఇవన్నీ నేను చేర్చినవి. కమిషనర్ గారు చదివి, "ఇప్పుడు దీనికి చట్టం కళ వచ్చిందండీ," అని నా భుజం తట్టారు. ఇంటికెళ్లి మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ రెండోసారి వినలేదు.

సరిగ్గా వారానికి మా మేనత్త ఫోన్ చేసింది.

"ఒరేయ్ చంద్రం, నా చెట్టుని ఏదో కొరికేస్తోందిరా. ఓసారి రా. వచ్చేటప్పుడు పాత గోనెసంచులు రెండు పట్రా."

మా మేనత్త పెద్దింట్లమ్మ ఉండేది లాకు వీధిలో. ఆవిడకి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, పెరట్లో ఒక పంపరపనస చెట్టు. ఆ చెట్టుతోనే ఆవిడ వీధినంతా ఏలుతుంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టాలంటే ఆ వీధిలో ప్రతివాళ్లకీ ఆవిడ పెరటి కాయ కావాలి. మంచిగా ఉన్నవాళ్లకి బిందెంత కాయ, నోరు జారినవాళ్లకి నిమ్మకాయ కన్నా కాస్త పెద్దది. అందుకని గోడ తగాదాలూ కుళాయి తగాదాలూ శ్రావణమాసం వచ్చేసరికి వాటంతటవే సర్దుకుంటాయి. మా మునిసిపాలిటీ ఆ వీధిలో చేయలేకపోయిన పనులన్నీ ఆ చెట్టు చేస్తోంది. అంతకు ముందేడు ముప్పైకి పైగా కాయలు పట్టాయి.

నేను వెళ్లేసరికి అత్త చెట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చుంది. నేలకి బెత్తెడెత్తున మొదలు చుట్టూ బెరడు ఊడిపోయి, లోపలి కర్ర తెల్లగా బయటపడింది. ఒక్క పక్కన మాత్రం జానెడు మేర బెరడు మిగిలి ఉంది.

"చుట్టూరా తెగితే చెట్టు ఎండిపోద్దిరా," అంది అత్త. "ఆకు వండిన తిండి వేరుకి దిగేది ఈ బెరడులోంచే. ఇదిగో, ఈ జానెడు మీదే బతుకుతోంది. ఇదీ పోయిందంటే వేరుకి పస్తే."

"ఏం కొరికిందో తెలిసిందా?"

"తెలియకేం, పందికొక్కు. చూడు, రెండేసి పళ్ల గాట్లు, పక్కపక్కనే, ఒక్కోటీ బియ్యపు గింజంత వెడల్పు. మేకైతే పట్టుకుని పైకి లాగుద్ది, పీచులు వేలాడతాయి. గేదె ఒళ్లు రుద్దుకుంటే నున్నగా అయ్యి వెంట్రుకలు అంటుకుంటాయి. పిల్లి గోళ్లయితే నిలువుగా పడతాయి. ఇంత కిందకంటా కొరికేది పందికొక్కే. అదిగో, కన్నం కూడా ఇక్కడే పెట్టింది."

పక్కన మట్టి మూకుట్లో సున్నం, మైలుతుత్తం కలిపిన నీలం ముద్ద ఉంది. ఇనప వల ముక్క ఉంది, తాడు ఉంది. గోనెసంచులు నా చేతిలో ఉన్నాయి.

"ముద్ద పూసి, సంచి చుట్టి, వల కట్టేస్తే అయిపోయె. పట్టు," అంది.

నా చెయ్యి ముందుకెళ్లి ఆగిపోయింది. "కుదరదత్తా. ముందు జంతువుని గుర్తించాలి. రూలు."

"గుర్తించాను కదరా!"

"నువ్వు గుర్తిస్తే చాలదు. ఆఫీసు గుర్తించాలి."

అత్త నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "చెట్టు కొరికించుకుంది, నేను చూశాను. మధ్యలో మీ ఆఫీసెవరు?"

నాకు నిజంగానే కోపమొచ్చింది. సొంత మేనత్త పెరట్లోనే నా నియమాన్ని తుంగలో తొక్కితే, ఇక ఊళ్లో ఎవడు లెక్కచేస్తాడు? తొమ్మిదో నియమం కూడా గుర్తుచేశాను. గుర్తింపుకి ముందు గాయాన్ని ఎవరైనా కప్పితే ఆధారాలు చెరిపినట్టు లెక్క. అప్పుడు చెట్టుని మునిసిపాలిటీ స్వాధీనం చేసుకుంటుంది.

"చెట్టుని ఎలా స్వాధీనం చేసుకుంటార్రా?"

"కొట్టి గోడౌనులో పెడతారత్తా."

అత్త మూకుడు మీద అరిటాకు కప్పి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆవిడ పేరు మీద ఫిర్యాదు రాసి, గోనెసంచులు వెనక్కి పట్టుకెళ్లాను. మర్నాటికల్లా మావాళ్లు వచ్చి బోర్డు పెట్టారు: "ఈ చెట్టు విచారణలో ఉన్నది. యజమానితో సహా ఎవ్వరూ తాకరాదు." ఆ బోర్డుని నాలుగు మేకులతో చెట్టుకే కొట్టారు.

బెరడు నోడల్ అధికారిగా శానిటరీ ఇన్‌స్పెక్టర్ గున్నేశ్వరరావు గారిని వేశారు. ఆయన పదిహేనేళ్లుగా దోమల నివారణ చూస్తున్నారు. ఇన్నేళ్లలో ఆయనకీ దోమలకీ ఒక్కసారి కూడా మాట పట్టింపు రాలేదు. ఆయన ఇద్దరు సాక్షులతో వచ్చి, కుర్చీ వేయించుకుని, పంచనామా మొదలుపెట్టారు. నేను రాస్తున్నాను.

"రాయండి. సదరు వృక్షము నిలబడి ఉన్న స్థితిలో కనుగొనబడినది. గాయము గూర్చి ప్రశ్నింపగా సదరు వృక్షము ఏమియు చెప్పలేదు."

"అది చెప్పకపోతే నేను చెబుతున్నా, రాసుకోండి," అంది అత్త. "పందికొక్కు."

గున్నేశ్వరరావు గారు అదిరిపడి నా కలం పట్టుకున్నారు. "అమ్మా! ఆ పేరెత్తకండి. ఆ జంతువు ఈ పట్టణంలో లేదు."

ఆ సంగతి నేను మర్చిపోయాను. మాది మూడేళ్లుగా 'పందికొక్కు రహిత పట్టణం'. మా రికార్డుల ప్రకారం ఊళ్లోని ఆఖరి పందికొక్కు మూడేళ్ల కిందట మార్చి ముప్పై ఒకటో తారీకున, ఆఫీసు వేళల్లోనే, చచ్చిపోయింది. అందుకు వచ్చిన షీల్డు, టేకు చెక్క మీద ఇత్తడి పళ్లెం, కమిషనర్ గారి టేబుల్ మీద ఉంటుంది. రోజూ దాన్ని తుడవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆ ఫైలు నడిపిందీ నేనే.

"లేకపోతే మరి ఈ కన్నం ఎవరిది?" అనడిగింది అత్త.

"కన్నం మా శాఖ కాదమ్మా. రోడ్లు, డ్రెయిన్ల వాళ్లని అడగండి," అన్నారాయన. తర్వాత నమూనాల పని చూశారు. కొరికిన బెరడు ఎలాగూ జంతువు కడుపులోకి పోయింది గనక, నమూనాకి కొరకని బెరడే తీయాలి. మూడు ప్రతులు కావాలి: ఒకటి ప్రయోగశాలకి, ఒకటి ఆఫీసు కాపీ, ఒకటి ఫిర్యాదుదారుకి. రెండేసి వేళ్ల వెడల్పున మూడు ముక్కలు కోయించి, మూడోదాన్ని కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, అత్తకి ఇచ్చి సంతకం తీసుకున్నారు. అత్త ఆ కవరుని రెండు చేతులతో పట్టుకుని అలా నిలబడిపోయింది.

జాన అంటే పన్నెండు వేళ్లు. ఆ వారంలో పందికొక్కు రెండు వేళ్ల బెరడు తింటే, మేం ఆరు వేళ్లు తీశాం. బెత్తెడు మిగిలింది.

పందికొక్కు కాదు గనక ఇక మిగతా జంతువుల్లో ఎవరో తేలాలి. కమిషనర్ గారు 'క్షేత్రస్థాయి గుర్తింపు కవాతు'కి ఆదేశాలిచ్చారు. లాకు వీధిలో ఉన్న ప్రతి జంతువుకీ యజమాని ద్వారా నోటీసు వెళ్లింది. శనివారం పొద్దున్నే మునిసిపల్ హైస్కూలు మైదానంలో పద్నాలుగు మేకలు, తొమ్మిది గేదెలు, ఒక గాడిద హాజరయ్యాయి. పిల్లులు నోటీసు తీసుకోలేదు. వాటి నోటీసులు గోడలకి అంటించి, అందినట్టు రాసుకున్నాం.

పళ్లు చూడ్డానికి పశువుల డాక్టరుగారు ఉండాలి. ఆయన్ని అంతకు వారం ముందే చెట్ల గణనకి డ్యూటీ వేశారు. అందుకని ఊళ్లో పళ్ల డాక్టరు నీలాద్రి గారిని పిలిపించారు. ఆయన పాపం చాలా మర్యాదస్తుడు. మొదటి మేకని కుర్చీలో కూర్చోబెట్టమన్నారు.

ఆ మేక పేరు బుజ్జమ్మ. అత్త వాళ్ల ఎదురింటి నూకరాజుది. నూకరాజు దాన్ని ఒళ్లో పెట్టుకుని తనే కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరుగారు "ఆ... అనమ్మా," అన్నారు. నూకరాజు "ఆ" అన్నాడు. చివరికి మేక నోరు కూడా తెరిపించి, డాక్టరుగారు లోపలికి టార్చి వేసి, తెల్లబోయారు.

"దీనికి ముందువైపు పై పళ్లే లేవు!"

"ఆయ్, మేకలకి ముందు పై పళ్లుండవండి," అన్నాడు నూకరాజు. "పుట్టినకాడ్నించీ అంతేనండి."

మిగతా పదమూడు మేకల నోళ్లూ చూశారు. ఒక్కదానికీ లేవు. గున్నేశ్వరరావు గారి కనుబొమలు పైకి లేచాయి.

"రాయండి. పద్నాలుగు మేకలును ఒకే తీరుగా పై పళ్లు లేకుండా హాజరగుట అనుమానాస్పదముగా ఉన్నది. ఆధారములు మాపు ఉద్దేశముతో ముందే తొలగించి ఉండవచ్చును."

అనుమానమైతే రాశాం గాని, అసలు చిక్కు కంప్యూటర్ దగ్గర వచ్చింది. ఆన్‌లైన్ ఫారంలో 'పై పళ్ల సంఖ్య' అనే గడి ఉంది. అది నింపితేగాని తర్వాతి పేజీ రాదు. సున్నా కొడితే తీసుకోదు. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే, సున్నా అంటే నింపనట్టే లెక్క అన్నారు. పక్కన ఇంకో అవకాశం ఉంది చూసుకోండి అన్నారు. చూశాం. 'కట్టుడు పళ్లు' అని ఉంది.

అలా బుజ్జమ్మకి పై పళ్ల సెట్టు మంజూరైంది. మిగతా మేకల తరఫున ప్రతినిధిగా దానొక్కదానికే. నీలాద్రి గారు మొదట ఒప్పుకోలేదు గాని, కొలతలు తీసుకోవడం మొదలెట్టాక ఆయనకి పనిలో ఆనందం కలిగింది. నాలుగు రోజుల్లో పళ్లు తయారయ్యాయి. బిగించాక బుజ్జమ్మ తలెత్తి మా అందరినీ ఒకసారి చూసింది. పెళ్లిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా ఉంది.

నూకరాజు చేతులు కట్టుకుని, "అయ్యా, మా అమ్మ కట్టుడు పళ్ల కోసం అర్జీ పెట్టి రెండేళ్లయిందండి," అన్నాడు.

"ఆవిడ ఎప్పుడైనా బెరడు కొరికిందా?" అనడిగారు గున్నేశ్వరరావు గారు.

"లేదండి."

"అయితే ఈ పథకం కిందికి రాదు."

తర్వాత బుజ్జమ్మని చెట్టు దగ్గరికి తీసుకెళ్లి నేరాన్ని మళ్లీ చేయించి చూడాలి. ఆ కాటునీ పాత గాటునీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. బుజ్జమ్మ చెట్టు వంక చూడనైనా లేదు. గున్నేశ్వరరావు గారు మిగిలిన బెరడు మీద బెల్లం రాయించారు. అప్పుడు మెడ వంచి ఒక్క కొరుకు కొరికింది. బెరడు ఊడొచ్చింది. పళ్ల సెట్టు చెట్టుకే ఉండిపోయింది.

"చూశారా, సరిపోయింది!" అన్నారాయన. మేక కొత్తగా పెట్టిన గాటుకి మేక పళ్లు నూటికి నూరుపాళ్లు సరిపోయాయి.

అత్త వంగి బెరడుకి వేళ్లు ఆనించి కొలిచింది. రెండు వేళ్లు మిగిలింది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకు సంతోషమే వేసింది. మేక అని తేలిపోతే గుర్తింపు పూర్తయినట్టే, చెట్టుకి కట్టు కట్టుకోవచ్చు. బుజ్జమ్మకి అన్యాయమే, కాని దానికి పడే శిక్ష హెచ్చరిక లేఖ ఒక్కటే. గేదెలు, గాడిద, పిల్లులు కావని కూడా చేర్చి, నేనే కూర్చుని ఉత్తర్వు రాసి పైకి పంపాను. మూడో రోజున తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒక్కటే ముక్క: "గాయము తేదీ కంటె పళ్ల తేదీ వెనుకది. గాయమైన నాటికి సదరు మేకకు పళ్లు లేవు. విచారణ మొదటి నుండి చేయవలెను."

ఆ కాగితం పట్టుకుని అత్త ఇంటికి వెళ్లాను. అప్పటికి నెలన్నర కావస్తోంది. కొమ్మల చివర ఆకులు పసుపెక్కాయి. చెట్టు కింద ఏడెనిమిది కాయలు రాలి ఉన్నాయి. అత్త వాటిని ఏరి అరుగు మీద వరసగా పెట్టుకుంది. నేను కాగితం చదివాను. తిడుతుందని చూశాను. తిట్టలేదు. మజ్జిగ తాగి వెళ్లమంది. అప్పుడు నాకు భయం వేసింది, సిగ్గూ వేసింది.

"అత్తా, ఆ నాలుగో రూలు నేను రాసిందే," అన్నాను.

"తెలుసులేరా. చదివితే తెలియదా ఏంటి? చిన్నప్పుడు మీ నాన్నకి ఉత్తరం రాసినా అలాగే రాసేవాడివి," అంది.

బెరడు ఎంత ఉందని అడగబుద్ధి కాలేదు. నేనే వంగి చూశాను. ఒక్క వేలు.

నేరుగా ఆఫీసుకి వెళ్లి కమిషనర్ గారి గదిలోకి దూరాను. పదిహేడేళ్లలో ఫైలు లేకుండా ఆ గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి.

"సార్, అది పందికొక్కే. నేను కన్నం చూశాను."

ఆయన కోప్పడలేదు. షీల్డు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. "సూర్యచంద్రరావు గారూ, పందికొక్కు ఉంటే ఈ షీల్డు ఉండదు. ఇది ఉందా, లేదా?"

"ఉంది సార్."

"మరి?"

బయటికొచ్చేశాను. ఆ తర్కంలో తప్పెక్కడుందో నాకు దొరకలేదు. ఇన్నాళ్లూ అలాంటివి రాసినవాడినే గదా.

ఆ వచ్చే సోమవారం అర్జీల రోజు. కమిషనర్ గారు, గున్నేశ్వరరావు గారు, మిగతా సెక్షన్ల అధికారులు బల్ల చుట్టూ కూర్చున్నారు. అర్జీలు రాసుకోవడానికి నేను చివర కూర్చున్నాను. అత్త ఆటోలో వచ్చింది. నూకరాజు వెనకాల తువ్వాలు కప్పిన ఇనప బోను మోసుకొచ్చి, బల్ల మీద, సరిగ్గా షీల్డు పక్కన పెట్టాడు. అత్త తువ్వాలు తీసింది.

లోపల పందికొక్కు ఉంది. పిల్లిపిల్లంత ఉంది. ఒళ్లంతా ముళ్లలా లేచిన నల్లటి వెంట్రుకలు, చిన్న చిన్న కళ్లు. అది మమ్మల్ని చూసి గుర్రుమంది.

కమిషనర్ గారు గున్నేశ్వరరావు గారి వంక చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నారు.

"క్షేత్రస్థాయిలో నాకేమీ కనపడడం లేదు సార్," అన్నారు.

ఇంకో సెక్షన్ ఆయన గొంతు సవరించుకున్నారు. "ఉడుతేమో సార్. తోక మీద జుట్టు రాలిపోయిన ఉడుత."

"వద్దు," అన్నారు కమిషనర్ గారు. "ఉడుత అంటే పైవాళ్లు ఫొటో పంపమంటారు." అత్త వైపు తిరిగి నవ్వు తెచ్చుకున్నారు. "అమ్మా, మీ బోను ఖాళీగా ఉంది."

"ఖాళీయేనా బాబూ?"

"పూర్తిగా ఖాళీ."

బోను గడగడా ఊగింది. బల్ల మీదున్న టీ కప్పులు కదిలాయి.

"అయితే రాసివ్వండి," అంది అత్త.

నేను రాశాను: "పరిశీలింపగా సదరు బోను ఖాళీగా ఉన్నది." కమిషనర్ గారు సంతకం పెట్టారు. ఆయన చెయ్యి బోనుకి దూరంగా ఉంచుకుని పెట్టారు గనక సంతకం కాస్త వంకరగా పడింది.

అత్త ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంది. కాని లేవలేదు. "మేక కాదని మీరే కొట్టేశారు. ఔనా?"

"ఔను."

"గేదెలు కాదు, గాడిద కాదు, పిల్లులూ కాదని రాశారు."

"రాశాం."

"పందికొక్కు అసలు ఊళ్లోనే లేదు. ఇంకే జంతువుందండీ మా వీధిలో, కొరకడానికి?"

"ఏదీ లేదమ్మా. అదే గదా మా ప్రగతి," అన్నారు కమిషనర్ గారు.

"కొరికేది ఏదీ లేనప్పుడు నా చెట్టుకి గాయమెక్కడిది? గాయం లేదని కూడా రాసివ్వండి."

కమిషనర్ గారు నా వైపు తిరిగారు. "రూలు ఏమంటోందండీ?"

అందరూ నా వంకే చూస్తున్నారు. "నాలుగో నియమంలో ఉన్నది 'గాయము చేసిన జంతువు' సార్," అన్నాను. "జంతువే లేకపోతే అది నియమావళి ప్రకారం గాయం కిందికి రాదు. ఊళ్లో మిగతా చెట్లకైనా ఇంతే సార్. అన్నీ ఇలా చూసుకుంటూ పోతే, రాష్ట్రం మొత్తంలో ఒక్క బెరడు గాయం కూడా లేని పట్టణం మనదే అవుతుంది."

ఆ ఆఖరి వాక్యం ఎలా వచ్చిందో నాకే తెలియదు. కమిషనర్ గారి చూపు నెమ్మదిగా షీల్డు మీదికి వెళ్లింది. దాని పక్కన ఇంకోటి పట్టేంత జాగా ఉంది. ప్రస్తుతం అక్కడ బోను ఉంది.

"రాయండి," అన్నారు.

నా సర్వీసులో అంత వేగంగా ఏ ఉత్తర్వూ రాయలేదు. "సదరు వృక్షమునకు గాయము లేదు. కావున సదరు లేని గాయమునకు మందు పూసి కట్టు కట్టుకొనుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమును లేదు." సంతకం, స్టాంపు, తేదీ. అత్త రెండు కాగితాలూ జాగ్రత్త చేసుకుని లేచి నిలబడింది.

"బోను నాది. పట్టుకెళ్తాను," అంది. "ఖాళీదే గదా, బరువు తగ్గించుకుంటా." అని గొళ్లెం ఎత్తింది.

పందికొక్కు ఒక్క ఊపున బయటికి దూకి, బల్ల పొడవునా పరుగెత్తి, అర్జీల మీదుగా కిందికి దిగి, బీరువా కిందికి దూరింది. అధికారులందరూ ఒక్కసారిగా కాళ్లు తీసి కుర్చీల మీద పెట్టుకున్నారు. కాని ఒక్కరూ అరవలేదు. లేనిదాన్ని చూసి అరవడం ఎలా? గున్నేశ్వరరావు గారు మఠం వేసుకుని కూర్చుని, "తర్వాతి అర్జీ పిలవండి," అన్నారు.

నేను అత్త వెనకాలే ఆటో ఎక్కాను. వెళ్లగానే బోర్డు పీకేశాం. అత్త గాయం అంచులు కత్తితో నున్నగా చేసింది. నేను నీలం ముద్ద పూశాను, నూకరాజు గోనెసంచి చుట్టాడు, ముగ్గురం కలిసి వలని నేలలోకి బెత్తెడు దిగేలా పాతి కట్టాం. ఆ పని చేస్తున్నంతసేపూ ఆ వేలెడు బెరడుకి నా గోరైనా తగలకుండా చూసుకున్నాను.

మర్నాటి నుంచి నా సీటు ముందు క్యూ మొదలైంది. లాకు వీధి వాళ్లు, తర్వాత మిగతా వీధుల వాళ్లు. మామిడి, సపోటా, వేప, మునగ. అందరి చెట్లకీ ఏదో ఒకటి కొరికిన గాయాలున్నాయి, ఎవరికీ కట్టు కట్టుకునే వీల్లేదు. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "గాయము లేదు" అని రాసిస్తూనే ఉన్నాను. పదిహేను రోజుల్లో ఊళ్లో ప్రతి పెరట్లోనూ చెట్లు మోకాళ్లకి గోనె కట్లతో నిలబడి ఉన్నాయి. రికార్డుల్లో గాయాల సంఖ్య సున్నా. ఈసారి కంప్యూటర్ సున్నా తీసుకుంది.

చవితికి నాలుగు రోజుల ముందు కొత్త షీల్డు తాలూకు పరిశీలన బృందం వచ్చింది. పెద్దావిడ ఒకరు, ఆవిడ వెనక ఇద్దరు రాసుకునేవాళ్లు. కమిషనర్ గారు దగ్గరుండి ఊరంతా తిప్పారు. ఆవిడ ఎక్కడ చూసినా గోనెసంచులే. ఇవేమిటని అడిగితే, "పౌరులు స్వచ్ఛందంగా చేసుకున్న అలంకరణ," అన్నారు కమిషనర్ గారు. ఆవిడ తలూపి రాయించుకున్నారు.

చివరికి లాకు వీధికి వచ్చి, అత్త పెరట్లో పంపరపనస ముందు ఆగారు. పసుపెక్కిన ఆకులు చాలా వరకు రాలిపోయాయి. కొమ్మ చివర్లలో లేత చిగురు వేసింది. పదకొండు కాయలు నిలిచాయి. అత్త పీట మీద కూర్చుని ఉంది, లేవలేదు.

"ఇక్కడ కూడా గాయం లేదు కదమ్మా?" అనడిగారు పెద్దావిడ.

"లేదని రాసిచ్చారండీ."

"మరి ఈ కట్టు లోపల ఏముంది?"

కమిషనర్ గారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. అత్త చెయ్యి చాపి చెట్టు మొదలు నిమిరింది.

"చెట్టుందండీ," అంది. "ఇంకా ఉంది."